చెట్టు మీద గూడు, తంపరలో తిండి: శ్రీకాకుళం తీరంలోని పక్షి గ్రామాల చరిత్ర

ఉత్తరాంధ్ర చరిత్ర చదివేటప్పుడు మనం జమీందారీలు, రైతాంగ పోరాటాలు, రేవు పట్టణాలు, వలసల గురించి చదువుతాం. ఈ పాఠం వాటి పక్కనే ఉండి కూడా పాఠ్యపుస్తకాలకెక్కని ఒక విషయం గురించి. శ్రీకాకుళం జిల్లాలో రెండు ఊళ్లున్నాయి. ఒకటి టెక్కలి మండలంలోని తేలినీలాపురం. రెండోది ఒడిశా సరిహద్దును ఆనుకుని ఉన్న ఇచ్ఛాపురం మండలంలోని తేలుకుంచి. ఏటా కొన్ని నెలలపాటు ఈ ఊళ్ల చెట్ల మీద పెద్ద పక్షులు వందల సంఖ్యలో గూళ్లు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచుతాయి. వాటిని చూడటానికి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం నుంచి జనం వస్తారు. కార్తీక వనభోజనాలకు బయలుదేరిన కుటుంబాలు దారిలో ఇక్కడ ఆగుతాయి. బడిపిల్లల విహారయాత్రలూ ఇటే.

చూడటానికి ఇది వినోదం, విహారం. చరిత్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఈ పక్షుల్ని ఎవరు కాపాడారు? ఏ మేరకు కాపాడారు? ఆ కాపుదల ఎక్కడ ఆగిపోయింది? చెట్టును కాపాడిన చరిత్ర మనకుంది. ఆ చెట్టు మీది పక్షికి తిండి పెట్టే నీటిని కాపాడిన చరిత్ర మాత్రం మనకు దాదాపు లేదు. ఈ తేడా ఎలా వచ్చిందో చూడటమే ఈ పాఠం ఉద్దేశం.

ఏ పక్షులు, ఎక్కడివి?

తేలినీలాపురానికి వచ్చేవి ప్రధానంగా రెండు జాతులు. ఒకటి గూడబాతు. ముక్కు కింద సంచీ ఉన్న బరువైన పక్షి. పెలికాన్ అనే పేరుతో ఎక్కువమందికి తెలుసు. రెండోది ఎర్రకాళ్ల కొంగ. పసుపు ముక్కు, రెక్కల చివర లేత గులాబీ రంగు దీని గుర్తులు. పెయింటెడ్ స్టార్క్ అన్నది ఇదే. ఈ రెండూ వానలు తగ్గుముఖం పట్టే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వచ్చి ఎండలు ముదిరే లోపు వెళ్లిపోతాయి. తేలుకుంచికి వచ్చేది నత్తగుల్ల కొంగ. తొలకరితోపాటు జూన్‌లో వచ్చి, పిల్లలు రెక్కలు విప్పాక నవంబరు ప్రాంతంలో వెళ్తుంది.

జనం, పత్రికలు, దారిలోని బోర్డులు వీటన్నిటినీ కలిపి ‘సైబీరియా పక్షులు’ అంటాయి. ఇది నిజం కాదు. గూడబాతు దక్షిణాసియా, ఆగ్నేయాసియాల పక్షి. భారతదేశం, శ్రీలంక, కంబోడియా వంటి చోట్లే అది గుడ్లు పెడుతుంది. ఎర్రకాళ్ల కొంగ, నత్తగుల్ల కొంగ కూడా ఈ ప్రాంతపు జాతులే. అసలు పక్షి గూడు కట్టే చోటే దాని సొంత ఊరు. సైబీరియా పక్షి అయితే సైబీరియాలో గూడు కట్టి, చలికాలం గడపడానికి మాత్రం ఇక్కడికి రావాలి. మన చింతచెట్టు మీద గుడ్లు పెట్టే పక్షిని పరదేశి అనడం పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచును చుట్టపుచూపుగా వచ్చిందనడం లాంటిది. అన్నట్టు, పురిటికి వచ్చిన ఆడపిల్లలన్న పోలిక దక్షిణాదిన పక్షి గ్రామాల్లో తరచు వినిపిస్తుంది. పుస్తకాల కంటే ఊరి మాటే ఇక్కడ శాస్త్రానికి దగ్గరగా ఉంది.

సైబీరియా పేరు ఎలా అంటుకుంది? నాకు తోచిన కారణం ఇది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు ఒకప్పుడు శీతాకాలంలో సైబీరియన్ క్రేన్లు వచ్చేవి. దేశమంతటా వార్తల్లో నిలిచిన పక్షి అది. 2001–02 శీతాకాలంలో చివరి జంట కనిపించింది. ఆ తర్వాత రాలేదు. ఇంగ్లీషులో క్రేన్ వేరు, స్టార్క్ వేరు. తెలుగులో రెండిటినీ కొంగ అనే అంటాం. ఆ పేరుప్రఖ్యాతి మాట వాటంగా ఇక్కడి కొంగల మీదికి దిగి ఉంటుంది. నిజంగా ఉత్తరాది చలిదేశాల నుంచి వచ్చే పక్షులు శ్రీకాకుళం తీరంలో లేకపోలేదు. నౌపడ ఉప్పుమళ్లలో, తంపరల్లో చలికాలమంతా తిరిగే ఉల్లంకులు, బాతులు అలాంటివే. చిన్నవి, బూడిదరంగువి. వాటి కోసం ఎవరూ బస్సు దిగరు.

ఇదేదో పేర్ల తగాదా కాదు. పరదేశి పక్షి అనుకున్నంతకాలం అది రాకపోతే తప్పు సైబీరియాది. మన పక్షి అని తెలిస్తే ప్రశ్న మన చెరువు దగ్గరికి, మన పొలం దగ్గరికి వస్తుంది.

మూడు పక్షులు, మూడు రకాల నీళ్లు

ఈ భాగాన్ని విద్యార్థులు నెమ్మదిగా చదవాలి. తర్వాత వచ్చే చరిత్రంతా దీనిమీదే ఆధారపడి ఉంది.

గూడబాతు ఈదుతూ చేపల్ని సంచీతో తోడుకుంటుంది. దానికి చేపలు దండిగా ఉన్న విశాలమైన నీరు కావాలి. చెరువైనా సరే, సముద్రపు పోటు నీరు వచ్చే పర్ర అయినా సరే. ఎర్రకాళ్ల కొంగ ఈదదు. మోకాలి లోతు నీటిలో నిలబడి, ముక్కును సగం తెరిచి నీళ్లలో ముంచి అటూ ఇటూ కదుపుతుంది. చేప తగలగానే ముక్కు మూసుకుంటుంది. కంటితో కాదు, స్పర్శతో పట్టే వేట అది. నీరు లోతెక్కితే దానికి తిండి దొరకదు. పూర్తిగా ఎండినా దొరకదు. వానలు వెనకబడి నీళ్లు మెల్లగా తగ్గుతున్నప్పుడు చేపలన్నీ మడుగుల్లోకి చేరతాయి. గూట్లో పిల్లలకు ఆకలి ఎక్కువగా ఉండేదీ అప్పుడే. ఈ పక్షుల పంచాంగం ఆ లెక్క ప్రకారం నడుస్తుంది.

నత్తగుల్ల కొంగ సంగతి మరీ విచిత్రం. దాని ముక్కు రెండు భాగాలూ మూసినా మధ్యలో సందు ఉంటుంది. ఆ సందు పుట్టుకతో రాదు, వయసుతో వస్తుంది. వరిమళ్లలో, చెరువుల్లో ఉండే పెద్ద నత్తలే దాని ఆహారం. 19వ శతాబ్దిలో మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన టి.సి. జెర్డన్ ఈ కొంగ కళ్లకు గంతలు కట్టినా నత్తల్ని పట్టగలదని రాశాడు. జెర్డన్‌కూ ఈ ప్రాంతానికీ సంబంధం ఉంది. 1836లో మద్రాసులో దిగిన తర్వాత తొలి రోజుల్లో గంజాం జిల్లాలో జ్వరాలతో, విరేచనాలతో బాధపడుతున్న సైనికులకు వైద్యం చేశాడు. 1862–64 మధ్య వెలువడిన తన భారతీయ పక్షుల గ్రంథంలో చాలా పక్షులకు తెలుగు పేర్లు కూడా నమోదు చేశాడు. అప్పటి గంజాంలోనే నేటి శ్రీకాకుళం ఉత్తర భాగం ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు గంజాం అక్కడికి పోయి, మన వైపు మిగిలిన తాలూకాలు విశాఖపట్నంలో కలిశాయి. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం జిల్లాలయ్యాయి. పాత రికార్డులు వెతికే విద్యార్థి ‘గంజాం’, ‘విజాగపటం’ అన్న పేర్ల కింద వెతకాలని చెప్పడానికే ఈ వివరం.

అసలు విషయానికొస్తే, ఈ మూడు పక్షులకూ చెట్టు పడుకునే చోటు, పిల్లల్ని పెంచే చోటు మాత్రమే. తిండి అంతా ఊరి బయట ఉంది. వంశధార, మహేంద్రతనయ, బాహుదా నదుల దిగువన సముద్రానికి ముందు పల్లపు నేలలున్నాయి. వాన నీరు నిలిచేచోటు బీల. ఉప్పునీరూ మంచినీరూ కలిసే చోటు తంపర. సోంపేట దగ్గరి బీల మొదటి రకం. నౌపడ, భావనపాడు, కాకరాపల్లి వైపు ఉన్నది రెండో రకం. తేలినీలాపురం ఈ రెండో దాని అంచున ఉన్న ఊరు.

ఊరి కట్టు

తేలినీలాపురంలో ఊళ్లోవారు పక్షిని కొట్టరు, గూళ్లున్న చెట్టు నరకరు, ఇతరుల్ని కొట్టనివ్వరు. తేలుకుంచిలోనూ అంతే. పక్షులు వస్తే వానలు బాగుంటాయని, ఊరికి మంచిదని నమ్మకం. రాని ఏడాది కీడు శంకిస్తారు. ఎప్పటి నుంచి వస్తున్నాయి అంటే తాతల నాటి నుంచి అన్న జవాబు వస్తుంది. ఇలాంటి జవాబును చరిత్ర విద్యార్థి కొట్టిపారేయకూడదు. అలాగని యథాతథంగా రాసుకోనూ కూడదు. తాతల నాటి అంటే మూడు తరాల జ్ఞాపకం. అంతకు ముందుదానికి వేరే సాక్ష్యం కావాలి. 1882లో మాల్ట్‌బీ రాసిన గంజాం మాన్యువల్, 1907లో ఫ్రాన్సిస్ రాసిన విశాఖపట్నం గెజిటీరు వంటివి మనకు దొరికే అచ్చు ఆధారాలు. అయితే ఆ కాలపు జిల్లా గ్రంథాలు భూమిశిస్తు, నీటివనరులు, ఉప్పు మీద పేజీలకు పేజీలు రాస్తాయి. జంతువుల దగ్గరికి వచ్చేసరికి తూటాకు పనికొచ్చేవాటి మీదే శ్రద్ధ. తినడానికి రుచిగా లేని గూడబాతు మీద అధికారికి ఆసక్తి ఎందుకుంటుంది?

వానకూ పక్షికీ ముడిపెట్టిన నమ్మకాన్ని కాకతాళీయమని కొట్టేయడం కూడా తొందరపాటే. ముడి నిజమే, దిశ తారుమారైంది. పక్షి వాన తేలేదు. వాన పక్షిని తెచ్చింది. చెరువులు నిండని ఏడాది అవి వేరే చోటు చూసుకుంటాయి. కాబట్టి అవి రాకపోతే రైతు దిగులుపడటంలో తప్పులేదు. పల్లె గమనించినది సరైనదే, చెప్పిన కారణమే వేరు.

ఈ కట్టుబాటును మరీ అందంగా చిత్రించే రాతలు నాకు అంతగా నచ్చవు. గూళ్ల చెట్టు కింద కాపురం ఎలా ఉంటుందో అవి చెప్పవు. పెంకుల మీద రెట్ట, జారిపడి కుళ్లిన చేపల కంపు, రాత్రంతా పిల్లపక్షుల గోల. చింతచెట్టు యజమానికి ఆ ఏడు చింతపండు మీద రాబడి తగ్గుతుంది. చూడటానికి వచ్చినవాడు గంటసేపు ముక్కు మూసుకుని, ఫొటోలు తీసుకుని వెళ్లిపోతాడు. ఖర్చంతా ఊరిది. కర్ణాటకలో మండ్య జిల్లాలోని కొక్కరె బెళ్లూరులో ఇలాంటి ఊరే ఉంది. అక్కడ అటవీశాఖ చెట్ల యజమానులకు పరిహారం చెల్లించే పద్ధతి పెట్టింది. 2007లో దాన్ని సామాజిక అభయక్షేత్రంగా ప్రకటించారు. తమిళనాడులో వేడంతాంగళ్ గ్రామస్తులు 18వ శతాబ్ది చివర్లోనే, కలెక్టరు లయొనెల్ ప్లేస్ కాలంలో, చెరువులో పక్షుల్ని వేటాడరాదని కంపెనీ ప్రభుత్వం నుంచి రాతపూర్వక హామీ పొందారు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు తమ పొలాలకు ఎరువని వాళ్లకు తెలుసు. భక్తి ఒక్కటే కాదు, ప్రయోజనమూ ఉంది. రెండూ కలిసినప్పుడే కట్టుబాటు నిలబడుతుంది.

ఒక మాట గుర్తుంచుకోవాలి. ఊరి కట్టు ఊరి పొలిమేర దాకానే. ఊళ్లో చెట్టు మీద క్షేమంగా ఉన్న కొంగ నాలుగు మైళ్ల అవతల వలలో పడవచ్చు. అక్కడ ఈ ఊరి మాట చెల్లదు.

వేట వినోదంగా ఉన్న కాలం

ఆరుబయట విహారం, ప్రకృతి దర్శనం అని ఇప్పుడు మనం అంటున్న దానికి నూరేళ్ల కిందట అర్థం వేట. దొరలకూ జమీందారులకూ అదే పెద్ద కాలక్షేపం. ఉత్తరాంధ్ర సంస్థానాలకు కొండల్లో పులివేట, మైదానంలో బాతులవేట పరువుకు సంబంధించిన వ్యవహారాలు. బ్రిటిషు అధికారికి ఆతిథ్యమంటే భోజనం, బంగళాతోపాటు తుపాకికి పని కూడా.

ఈ వినోదం ఎంత దూరం వెళ్లగలదో చూడాలంటే మన జిల్లా దాటి మళ్లీ భరత్‌పూర్‌కు వెళ్లాలి. రాజస్థాన్ తూర్పున, వాన తక్కువ పడే నేల అది. అజాన్ బంధ్ అనే కట్ట నీటిని మళ్లించి అక్కడి రాజులు పల్లపు భూమిని బాతుల వేటకు తీర్చిదిద్దారు. 1902లో లార్డ్ కర్జన్ కోసం వేట జరిగింది. 1938 నవంబరు 12న వైస్రాయి లిన్లిత్‌గో బృందం ఒక్కరోజులో 4,273 పక్షుల్ని కూల్చింది. ఆ లెక్కలన్నీ అక్కడే రాతిపలకల మీద చెక్కి ఉన్నాయి. 1982లో అది కేవలదేవ్ జాతీయోద్యానవనం అయింది. 1985లో ప్రపంచ వారసత్వ స్థలమైంది.

అంటే అక్కడికి నీటిని తెచ్చింది రాజు, వేటకు వాడింది రాజు, కాపాడింది ప్రభుత్వం. చుట్టుపక్కల పల్లెవారికి ఇందులో ఎక్కడా చోటు లేదు. ఉద్యానవనం కాగానే గేదెల మేతను నిషేధించారు; ఘర్షణ జరిగి పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. తర్వాత బొంబాయి సహజ చరిత్ర సంఘం దీర్ఘకాలం చేసిన అధ్యయనంలో ఇంకో సంగతి బయటపడింది. గేదెలు మేయకపోవడంతో గడ్డి నీటిని కమ్మేసి బాతులకే ఇబ్బంది అయింది. శ్రీకాకుళంలో ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఇక్కడ కాపాడింది పల్లె. ప్రభుత్వం చాలా ఆలస్యంగా వచ్చింది. భరత్‌పూర్‌లో నీటికి కంచె ఉంది, చుట్టూ ఉన్న మనుషులతో పొత్తు కుదరలేదు. తేలినీలాపురంలో మనుషుల పొత్తు ఉంది, నీటికి దిక్కు లేదు.

చట్టం సంగతి క్లుప్తంగా. 1887, 1912 చట్టాలు కొన్ని పక్షులకు కొన్ని నెలలపాటు రక్షణ ఇచ్చాయి. వేటను నిజంగా కట్టడి చేసింది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. 1976లో నెల్లూరు జిల్లా నేలపట్టు, 1999లో కొల్లేరు అభయారణ్యాలయ్యాయి. 2002లో కొల్లేరు రామ్‌సర్ చిత్తడినేలల జాబితాకూ ఎక్కింది. తేలినీలాపురాన్ని అందరూ ‘శాంక్చువరీ’ అంటున్నా రాష్ట్ర అభయారణ్యాల జాబితాలో దాని పేరు కనబడదు. పక్షి శాస్త్రజ్ఞులు దాన్ని ముఖ్యమైన పక్షి స్థావరంగా గుర్తించారు. ఆ గుర్తింపుకు విలువ ఉంది, చట్టబలం లేదు. కొక్కరె బెళ్లూరు తరహా సామాజిక అభయక్షేత్రానికి 2002 నాటి చట్టసవరణ దారి తెరిచింది. ఊరివారి హక్కులు పోకుండానే ఊరివారినే నిర్వాహకులుగా చేసే పద్ధతి అది.

బంజరు అన్న మాట

ఇప్పుడు పొలిమేర దాటి నీళ్ల దగ్గరికి వద్దాం. వలసపాలన నాటి రెవెన్యూ లెక్కలో భూమికి విలువ శిస్తును బట్టి. శిస్తు రాని నేల బంజరు. బీలలు, తంపరలు ఏడాదిలో కొన్ని నెలలు నీటిలో మునిగి ఉంటాయి కాబట్టి వాటికి పట్టా ఉండదు, శిస్తు తక్కువ లేదా సున్నా. ఉప్పు మాత్రం మినహాయింపు. దాని మీద పన్ను బాగా వచ్చేది కాబట్టి నౌపడ ఉప్పుమళ్ల మీద ప్రభుత్వం కన్ను ఎప్పుడూ ఉండేది. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలుమార్గం కూడా నౌపడ నుంచే మొదలైంది. మిగతా తడినేల రికార్డులో ఖాళీ జాగా.

ఆ ఖాళీ జాగాలో ఏం జరిగేది? చేపలు పట్టేవారు. జమ్ము కోసి చాపలు అల్లేవారు. పశువుల్ని మేపేవారు. అంచుల్లో వరి పండించేవారు. వానాకాలపు వరద నీటిని అది పీల్చుకుని ఎండాకాలం బావులకు అందించేది. వీటిలో ఏ ఒక్కదానికీ అడంగల్‌లో గడి లేదు. కొంగకు అసలే లేదు.

స్వాతంత్య్రం వచ్చాక కూడా ఆ మాట మారలేదు. 21వ శతాబ్దిలో తీరం వెంట బొగ్గు విద్యుత్ కేంద్రాలకు స్థలాలు వెతికినప్పుడు ‘నిరుపయోగమైన ప్రభుత్వ భూమి’గా కనబడినవి ఈ బీలలు, తంపరలే. సోంపేట బీలలో 2,640 మెగావాట్ల కేంద్రాన్ని తలపెట్టారు. కాకరాపల్లి తంపరలోనూ అంతే సామర్థ్యంతో మరొకటి. రైతులు, మత్స్యకారులు కలిసి ఎదురు తిరిగారు. 2010 జులై 14న సోంపేటలో పోలీసులు కాల్పులు జరిపారు. రైతులు ప్రాణాలు కోల్పోయారు. అదే వారంలో జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. బంజరని చూపించిన నేల నిజానికి చిత్తడినేల అన్నదే వివాదానికి కేంద్రం. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి ఉద్యమంలోనూ కాల్పులు, మరణాలు జరిగాయి. సోంపేటలో కేంద్రం రాలేదు. కాకరాపల్లిలో పనులు మొదలై మధ్యలోనే నిలిచిపోయాయి. దేశంలో చిత్తడినేలల సంరక్షణకు మొదటి నియమావళి 2010 డిసెంబరులో, అంటే సోంపేట కాల్పులు జరిగిన అయిదు నెలలకు వచ్చింది. 2017లో దాని స్థానంలో కొత్త నియమావళి వచ్చింది.

సోంపేట, కాకరాపల్లి రైతులు పక్షుల కోసం పోరాడలేదు. బతుకుదెరువు కోసం పోరాడారు. ఈ తేడాను విద్యార్థులు చెరిపేయకూడదు. కానీ ఆ నీళ్లు నిలిచినందుకు గూడబాతుకూ తిండి మిగిలింది. కాకరాపల్లి తంపర తేలినీలాపురం పక్షులు మేతకు వెళ్లే దూరంలోనే ఉంది. బొంబాయి సహజ చరిత్ర సంఘం శాస్త్రజ్ఞులు అప్పట్లో ఈ సంబంధాన్నే ఎత్తిచూపారు. ఉద్యమకారుల వాదనకు పక్షి సాక్ష్యం పలికిందన్నమాట.

కనుమరుగైన చోట్లు

నీళ్లు మారితే, చెట్లు పోతే గూడబాతు ఏమవుతుందో చెప్పే ఉదాహరణలు రెండున్నాయి. బర్మాలో సిట్టాంగ్ నది మైదానంలో గూడబాతుల గూళ్ల అడవి మైళ్ల పొడవునా ఉండేదని 1877లో ఓట్స్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు వర్ణించాడు. కళింగపట్నం, బారువ రేవుల నుంచి ఓడలెక్కి రంగూన్ వెళ్లిన మన కూలీలు బతుకు వెతుక్కున్న దేశం అదే. 20వ శతాబ్ది మధ్యనాటికి ఆ గూళ్లు లేవు. రెండోది మన రాష్ట్రంలోనే. పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో 1946లో కె.కె. నీలకంఠన్ పెద్ద గూడబాతుల స్థావరాన్ని గుర్తించి 1949లో ప్రచురించాడు. ఆ స్థావరం కూడా కొన్ని దశాబ్దాల్లోనే ఖాళీ అయింది. కొల్లేరులోని ఆటపాకలో ఇప్పుడు అటవీశాఖ నీటిలో ఇనుప మంచెలు వేస్తే గూడబాతులు వాటి మీద గూళ్లు కడుతున్నాయి. సందర్శకులు పడవల్లో వెళ్లి చూస్తున్నారు. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో సర్కారు తుమ్మ చెట్లు ఆ పని చేస్తున్నాయి. చెట్టు లేకపోతే మంచె కట్టవచ్చు. చేపల్లేని నీటికి మాత్రం అలాంటి ఉపాయం లేదు.

చెట్టుకూ కష్టకాలమే. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాన్లు ఈ తీరాన్ని తాకాయి. తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడితోటల్ని పడగొట్టింది. అక్టోబరంటే తేలుకుంచిలో పిల్లలు గూట్లో ఉండే నెల. ముదురు చింత ఒకటి కూలితే దాని చోట మళ్లీ గూడు నిలిచే కొమ్మ రావడానికి ఒక తరం పడుతుంది.

సందర్శకుల సంగతి

పక్షుల్ని చూడటానికి జనం రావడం మంచిదేనా? మంచిదే అని నా అభిప్రాయం. చూడని దానిమీద ఎవరికీ పట్టింపు ఉండదు. తేలినీలాపురంలో ఎత్తు నుంచి చూడటానికి ఏర్పాటు ఉంది, పిల్లలకు వివరాలు చెప్పే గది ఉంది. చిక్కు ఎక్కడంటే, కార్తీక వనభోజనాలు, దీపావళి టపాసులు, సంక్రాంతి సెలవులు అన్నీ గూళ్లు నిండుగా ఉండే నెలల్లోనే వస్తాయి. పెద్ద శబ్దానికి తల్లిపక్షి ఒక్కసారి లేస్తే గుడ్లు దొర్లిపడతాయి. పిల్లలు ఎండకు, కాకులకు దొరుకుతాయి. చెట్టు కిందికి వెళ్లకుండా దూరం నుంచి బైనాక్యులర్‌తో చూడటం, లౌడ్ స్పీకర్లు, డ్రోన్లు వాడకపోవడం అందుకే. పొద్దున్నే వెళ్తే తల్లిదండ్రులు మేతకు వెళ్లి రావడం కనబడుతుంది. అవి ఏ దిక్కుకు ఎగిరి, ఎంతసేపటికి తిరిగొస్తున్నాయో గడియారం చూసి రాసుకోండి. పది ఫొటోల కంటే ఆ ఒక్క కాగితం విలువైనది.

ఆ దిక్కు ఎందుకు ముఖ్యమో 2021 డిసెంబరు, 2022 జనవరి నెలల్లో తెలిసింది. తేలినీలాపురంలో వందకు పైగా గూడబాతులు చనిపోయాయి. ఎవరూ చెట్టు నరకలేదు, ఎవరూ తుపాకి పేల్చలేదు. పరీక్షల్లో వాటి కడుపులో నెమటోడ్లు అనే పరాన్నజీవి పురుగులు బయటపడ్డాయి. తిన్న చేపల ద్వారా అవి పక్షుల్లోకి చేరాయని, చుట్టుపక్కల చెరువుల వైపు అనుమానం మళ్లింది. గత రెండు మూడు దశాబ్దాల్లో ఈ తీరంలో తంపరల అంచులు, వరిపొలాలు చేపల చెరువులుగా, రొయ్యల చెరువులుగా మారాయి. సహజమైన మడుగులు తగ్గితే పక్షి ఆ చెరువుల మీదే వాలుతుంది. రైతుకు అది నష్టం, పక్షికి ప్రమాదం. ఇద్దరిలో ఎవరినీ నిందించి లాభం లేదు.

అభ్యాసం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల విద్యార్థులు ఈ పాఠానికి అనుబంధంగా ఈ పని చేయవచ్చు. మీ ఊరికి దగ్గరలో ఉన్న ఒక బీల, తంపర లేదా చెరువును ఎంచుకోండి. గ్రామ సచివాలయంలో గానీ తహసీల్దారు కార్యాలయంలో గానీ దాని సర్వే నంబరు, రికార్డులో దాన్ని ఏ పేరుతో వర్గీకరించారో తెలుసుకోండి. తర్వాత అరవై ఏళ్లు దాటిన నలుగురిని విడివిడిగా కలవండి. అందులో కనీసం ఒకరు చేపలు పట్టేవారు, ఒకరు పశువులు కాసినవారు అయి ఉండాలి. నీరు ఎక్కడిదాకా నిలిచేది, ఏ చేపలు దొరికేవి, ఏ పక్షులు ఏ కార్తెలో వచ్చేవి అని అడగండి. నెలల కంటే కార్తెల్లో అడిగితే జవాబు కచ్చితంగా వస్తుంది. పక్షుల పేర్లను వారు పలికినట్టే రాసుకోండి. పుస్తకంలోని పేరు పక్కన తర్వాత చేర్చవచ్చు. రికార్డులోని మాటనూ, ఈ నలుగురి మాటనూ ఒకే పేజీలో పక్కపక్కన రాసి కౌన్సెలింగ్ తరగతికి తీసుకురండి.